సువార్త పేరు మీద లాగిన్

2024 జూలై, ఒక గురువారం ఉదయం పదిన్నర. ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర్లో, ఒక సందులో ఉన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ మొదటి అంతస్తు. గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: ల్యాబ్ యజమాని, పాథాలజిస్టు కూడా అయిన డాక్టర్ శ్రీనివాసరావు గారు, సీనియర్ టెక్నీషియన్ సువార్తక్క, నేను. ఉన్న వస్తువులు: రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వేలిముద్రతో హాజరు తీసుకునే మిషన్ ఒకటి, ప్రింటు తీసిన మెయిల్ రెండు పేజీలు, డాక్టర్ గారు టైపు చేయించి ఇంకా సంతకం పెట్టని ఉత్తరం ఒక పేజీ. కంప్యూటర్ వెనక గోడ మీద నాలుగు టేపు మరకలు కూడా ఉన్నాయి. వాటి మధ్య కాగితం లేదు. ఆ మరకలు చూశాను కానీ పట్టించుకోలేదు.

నా పని గురించి ముందు చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పుస్తకాల షాపు పైన మాకు చిన్న ఆఫీసు ఉంది. అక్కడి నుంచి ఎల్బీనగర్ వరకు ఉన్న ల్యాబులు, స్కూళ్లు, కోచింగ్ సెంటర్లు, ఆడిటర్ల ఆఫీసులు వాడే సాఫ్ట్‌వేర్ లైసెన్సులు నేను చూస్తాను. సాఫ్ట్‌వేర్ కొనడం అంటే చాలామంది కుర్చీ కొన్నట్టు అనుకుంటారు. నిజానికి కొనేది వాడుకునే అనుమతి. ఆ అనుమతికి షరతులు ఉంటాయి, ఆ షరతులు మారుతూ ఉంటాయి. ఒక కంపెనీ మిషన్ల లెక్కన ఇచ్చేది మనుషుల లెక్కకు మారుతుంది. ఇంకో కంపెనీ ఒకసారి కొంటే చాలన్నది ఏటా కట్టమంటుంది. మార్పు గురించి మెయిల్ వస్తుంది. పొడుగ్గా ఉంటుంది, అసలు సంగతి ఎక్కడో తొమ్మిదో పేరాలో ఉంటుంది. వారానికి ఇలాంటివి ఎన్నో వస్తాయి. వాటి కోసం నా దగ్గర ఒక ఎక్సెల్ పట్టిక ఉంది. అప్పట్లో అందులో చివరి గడి పేరు: 'మార్పు చదివానా?'

ఆ ఉదయం నన్ను పిలిచింది మెయిల్ కోసం. ల్యాబ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసింది. 'సువార్త' అనే యూజర్ గత నెలలో పందొమ్మిది రోజులు, రోజుకు పదహారు గంటలకు పైగా పనిచేసినట్టు తమ రికార్డుల్లో ఉందట. పదకొండు సార్లు ఒకే సమయంలో రెండు చోట్ల పనిచేసిందట. ఇది లైసెన్సు దుర్వినియోగమట. జవాబు ఇవ్వకపోతే లాగిన్ ఆపేస్తారు. గడువు పది రోజులు. మెయిల్ తొమ్మిది రోజులుగా డాక్టర్ గారి ఇన్‌బాక్సులో ఎవరూ తెరవకుండా పడి ఉంది. అంటే మాకు మిగిలింది ఆ సాయంత్రం ఆరు వరకు.

సువార్తక్క కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ చదివింది.

"ఒక్క టైముల రెండు చోట్ల ఉండనీకి నేనేమన్న దేవదూతనా తమ్మీ?"

నాకు నవ్వు వచ్చింది. డాక్టర్ గారికి రాలేదు.

"సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి మీరు చూసుకోండి కిరణ్ గారూ. ఇది మాత్రం నేను చూసుకోవాల్సింది," అంటూ ఆయన సంతకం పెట్టని ఉత్తరాన్ని తన వైపు జరుపుకున్నారు. తలకిందులుగానే మొదటి వాక్యం చదవగలిగాను. 'మా సీనియర్ టెక్నీషియన్ శ్రీమతి సువార్త నిర్లక్ష్యం వల్ల' అని మొదలైంది.

అప్పుడు అసలు సంగతి తెలిసింది. ఈ ల్యాబ్‌కు సైదాబాద్‌లో ఒక కలెక్షన్ సెంటర్ ఉంది. అక్కడ రక్తం తీస్తారు, పరీక్షలు మాత్రం ఎల్బీనగర్‌లో జరుగుతాయి. రెండు వారాల క్రితం సైదాబాద్‌లో ఒక పెద్దాయన రక్తం ఇచ్చాడు. పొటాషియం 6.9 వచ్చింది. అంత ఉంటే గుండెకు ప్రమాదం. ఇంట్లోవాళ్లు భయపడి దవాఖానకు ఉరికారు. అక్కడ మళ్లీ పరీక్ష చేస్తే 4.3. అసలు లోపం శాంపిల్‌లో ఉంది. తీసేటప్పుడో తెచ్చేటప్పుడో రక్తకణాలు పగిలితే పొటాషియం ఎక్కువగా కనిపిస్తుంది. మిషన్ ఆ రిజల్టు పక్కన ఎర్ర గుర్తు కూడా పెట్టింది. అలాంటి రిజల్టును టెక్నీషియన్ ఆపి, మళ్లీ శాంపిల్ అడగాలి. ఎవరో ఆపకుండా 'వెరిఫై' నొక్కారు. వెరిఫై అంటే నేను చూశాను, సరిగ్గా ఉంది అని ఒప్పుకోవడం. రిపోర్టు మీద వెరిఫై చేసినవాళ్ల పేరు పడుతుంది. పడిన పేరు సువార్త. సమయం సాయంత్రం 4:12.

"ఆ టైముకు నేను డ్యూటీల లేను సార్. ఎన్నిసార్లు చెప్పాలె?"

"కంప్యూటర్ అబద్ధం చెప్తుందా సువార్తా? నీ పేరు స్పష్టంగా ఉంది కదమ్మా."

"నా పేరున్నది సార్. నేను లేను."

వచ్చే నెలలో ల్యాబ్‌కు నాణ్యత తనిఖీ ఉంది. ఆ ఉత్తరం పెద్దాయన ఇంటికీ వెళ్తుంది, తనిఖీ ఫైలులోనూ చేరుతుంది. అది చేరితే సువార్తక్కకు ఈ ల్యాబ్‌లోనే కాదు, ఇంకెక్కడా టెక్నీషియన్ పని దొరకడం కష్టం. ఆమె నల్లగొండ వైపు ఊరి నుంచి వచ్చి, పదహారేళ్లుగా ఇదే పని చేస్తోంది. కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉంటుంది. ఆమె పని కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను: ట్యూబు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూడగానే ఆ శాంపిల్ పనికొస్తుందో లేదో చెప్పేస్తుంది. మిషన్ ఎర్ర గుర్తు పెట్టే లోపే.

నా ముందు ఆ మెయిల్, ఈ ఉత్తరం ఉన్నాయి. రెండూ వేర్వేరు సమస్యలని ఆయన అనుకున్నారు. పది నిమిషాల వరకు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత గమనించాను: రెండింటిలోనూ ఉన్నది ఒకే పేరు.

నాలుగేళ్ల క్రితం ఈ సాఫ్ట్‌వేర్ పెట్టించింది నేనే. అప్పుడు లైసెన్సు 'కాంకరెంట్' రకం. అంటే ఒకేసారి ఎంతమంది వాడుతున్నారన్నదే లెక్క. బస్సులో రెండు సీట్లు కొన్నట్టు. ఆ సీట్లలో పొద్దున ఒకరు కూర్చోవచ్చు, మధ్యాహ్నం ఇంకొకరు కూర్చోవచ్చు, ఎవరన్నది కండక్టర్ అడగడు. కాబట్టి ఒకే లాగిన్ పెట్టాం. సీనియర్ కాబట్టి ఆమె పేరుతో పెట్టాం. సీనియర్ పేరు కాబట్టి అన్ని అనుమతులూ ఇచ్చాం. కౌంటర్‌లో కూర్చుని బిల్లు కొట్టే మనిషి తెరిచినా తెర మీద వెరిఫై బటన్ కనిపించేది.

పోయిన ఏడాది మే నెలలో కంపెనీ ఓటీపీ పెట్టింది. ప్రతి లాగిన్‌కు ఫోనుకు ఆరు అంకెలు వస్తాయి. ఒక లాగిన్‌కు ఒకే ఫోన్ నంబరు. అది సువార్తక్క నంబరు అయింది. ఈ ఏడాది ఏప్రిల్‌లో లైసెన్సు 'నేమ్డ్ యూజర్' రకానికి మారింది. ఇప్పుడు లెక్క సీట్లది కాదు, పేర్లది. ఫోటో అంటించిన బస్ పాస్ లాంటిది. ఒకరి పాస్ మీద ఇంకొకరు ఎక్కకూడదు.

ఏప్రిల్ మెయిల్ ఎదురుగా నా పట్టికలో ఏముందో ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. 'మార్పు చదివానా? అవును.' ఆ 'అవును' ఎక్కడ టైపు చేశానో కూడా గుర్తొచ్చింది. మెట్రోలో నిలబడి, చైతన్యపురికీ దిల్‌సుఖ్‌నగర్‌కూ మధ్య, ఫోనులో. ఒక స్టేషన్ దూరంలో తొమ్మిది పేరాలు ఎవరూ చదవలేరు.

ఆ సంగతి అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "అక్కా, మీ ఫోనులో పాత ఓటీపీ మెసేజీలు ఉన్నాయా?" అని అడిగాను.

"అన్నీ ఉన్నయి. తీసెయ్యనీకి నాకు రాదు. ఫోను నిండిపోయిందని మా బిడ్డ రోజూ మొత్తుకుంటది."

మూడు గడులతో పట్టిక గీశాను. మొదటి గడి వేలిముద్ర మిషన్‌లో ఆమె వచ్చిన సమయం, వెళ్లిన సమయం. రెండోది ఆమె ఫోనుకు ఓటీపీ వచ్చిన సమయం. మూడోది సాఫ్ట్‌వేర్ లాగ్, అంటే ఎవరు ఏ కంప్యూటర్ మీద ఏం నొక్కారో అది తనంతట తాను రాసుకునే చిట్టా. పెద్దాయన రిపోర్టు వెళ్లిన రోజు: ఆమె డ్యూటీ నుంచి బయటికి వెళ్లింది 2:06. ఓటీపీ వచ్చింది 4:09. అదే నిమిషంలో సైదాబాద్ సెంటర్ నుంచి ఆమెకు కాల్, ముప్పై ఎనిమిది సెకన్లు. వెరిఫై 4:12, కంప్యూటర్ సైదాబాద్‌ది.

"ఆ టైముకు ఎక్కడున్నారక్కా?"

"మా చర్చిల స్త్రీల కూడిక. ప్రార్థన నడుస్తుంటె ఫోను మోగింది. బయట వరండాలకొచ్చి అంకెలు చెప్పిన. రోజూ గదే కత. మా వాళ్లు నవ్వుతరు, 'సువార్తా, ముందుగాల నీ ఫోనుకు బాప్తిస్మం ఇప్పియ్యాలె, అప్పుడన్న జర సప్పుడు చెయ్యకుంట ఉంటది' అని."

డాక్టర్ గారు పట్టిక వైపు చూశారు. ఒక నిమిషం నాకు ఊరట. తర్వాత ఆయన ఆమె ఫోను తీసుకుని మెసేజీ పైకెత్తి చూపించారు.

"ఇదిగో, ఇక్కడే రాసుంది. ఈ ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు అని. చెప్పింది తనే కదా? అప్పుడు బాధ్యత ఎవరిదండీ?"

సువార్తక్క నా వైపు చూసింది. నేను లాగ్ మీదికి కళ్లు దించుకున్నాను.

డాక్టర్ గారు సైదాబాద్‌కు ఫోన్ చేసి నరేశ్‌ను రమ్మన్నారు. నరేశ్ అక్కడి కౌంటర్ చూస్తాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లల తండ్రి, ఎప్పుడూ ఏదో ఒక జోకు వేస్తూ ఉంటాడు. అతను వచ్చేసరికి పన్నెండున్నర అయింది. హెల్మెట్ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి జోకు వేయలేదు.

"నేనే కొట్టిన సార్. పెద్దాయన కొడుకు కౌంటర్ మీద గుద్దుతుండు. 'గింత టైమైనా రిపోర్ట్ రాదా, ఏం ల్యాబయ్యా ఇది' అని అందరి ముందల. ఈడికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తలే. తెర మీద చూస్తె రిజల్ట్ వచ్చి ఉన్నది. కింద బటన్ ఉన్నది. కొడితే ప్రింట్ వస్తదని కొట్టిన."

"పక్కన ఎర్ర గుర్తు కనిపించలేదా?"

"కనపడ్డది సార్. ఎర్రగ ఉంటె పేషెంట్‌కు బీమారీ ఉన్నదనుకున్న. ఎర్ర గుర్తంటె శాంపిల్ ఖరాబైందని నాకెట్ల తెలుస్తది? నేను బీకాం సార్."

సువార్తక్క తల కొట్టుకుంది. "ఓరి నరేశూ, ఒక్క మాట అడుగకపోతివి! అంకెలు అడుగనీకి ఫోన్ చేస్తివి కద!"

"అక్కా, నువ్వు ప్రార్థనల ఉన్నవని తొందరగ పెట్టేసిన."

డాక్టర్ గారు పెన్ను తీశారు. ఉత్తరంలో సువార్త పేరు పక్కన ఖాళీలో ఇంకో పేరు రాయడానికి వంగారు. "సరే, ఇద్దరి పేర్లూ పెడతాను. ఓటీపీ చెప్పింది ఒకరు, నొక్కింది ఒకరు."

నాకు ఇంకో దారి కూడా ఉంది. లైసెన్సు షరతు కంపెనీ మార్చింది, మెయిల్ తొమ్మిది రోజులు తెరవంది డాక్టర్ గారు, ఓటీపీ చెప్పింది ఆమె, నొక్కింది అతను. నాలుగు వాక్యాలు. అన్నీ నిజమే. వాటిలో నా పేరు ఎక్కడా లేదు. గడియారం ఒంటిగంట చూపిస్తోంది. తల ఎత్తితే ఎదురుగా గోడ మీద ఆ నాలుగు టేపు మరకలు. అక్కడ ఏం ఉండేదో అప్పుడు గుర్తొచ్చింది.

"సార్, ఆ గోడ మీద ఒక కాగితం ఉండాలి," అన్నాను. "అది నేను అంటించింది."

"ఏ కాగితం?"

సువార్తక్క తన టిఫిన్ సంచిలోంచి లామినేషన్ చేసిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు మూలలా టేపు ఇంకా అంటుకునే ఉంది.

"మా కౌంటర్ మీద గూడ ఉన్నది ఇసొంటిదే," అన్నాడు నరేశ్.

డాక్టర్ గారు పైకి చదివారు. "ఒకటి, యూజర్ పేరు సువార్త. రెండు, పాస్‌వర్డ్ రిసెప్షన్‌లో అడగండి. మూడు, ఓటీపీ కోసం సువార్త గారికి ఫోన్ చేయండి. నాలుగు, పని అయ్యాక లాగౌట్ కావాలి. ఐదు, సందేహాలుంటే..." అక్కడ నా పేరు, నా నంబరు ఉన్నాయి. పోయిన ఏడాది మే నెల తేదీ ఉంది. అంశాలన్నీ నెంబర్లు వేసి శుభ్రంగా రాశాను. ఆరోజు అంటించాక ఫోటో కూడా తీసుకున్నాను.

"ఈమె నిబంధన దాటలేదు సార్," అన్నాను. "నేను రాసిచ్చిన నిబంధన పాటించింది. ఏప్రిల్‌లో షరతు మారినప్పుడు వచ్చి ఈ కాగితం తీసేసి, ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ పెట్టాల్సింది నేను. ఆ మెయిల్ చదివానని రాసుకున్నాను. చదవలేదు."

ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టారు. కింద రిసెప్షన్‌లో ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు.

"సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు మీరు అడిగారండీ, వేర్వేరు పేర్లు పెడదామా అని," అన్నారు. "ఎందుకు, ఒక్కటి చాలు అన్నది నేనే." ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇది మళ్లీ రాయాలి. మీరు ముందు ఆ ఆరు గంటల సంగతి చూడండి."

కంపెనీకి జవాబు రాశాను. కాంకరెంట్ రోజుల్లో పెట్టిన లాగిన్ ఇన్నాళ్లూ ఎలా నడిచిందో రాసి, కింద ఆ పేరుతో పనిచేసినవాళ్ల జాబితా ఇచ్చాను: టెక్నీషియన్లు ముగ్గురు, ఎల్బీనగర్ రిసెప్షన్‌లో ఇద్దరు, సైదాబాద్ కౌంటర్‌లో ఇద్దరు. ఏడుగురికీ విడివిడి లైసెన్సులు అడిగాను. 5:20కి పంపాను. 5:47కి ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. ఆ ఇరవై ఏడు నిమిషాలు మెట్లు ఎక్కుతూ దిగుతూ గడిపాను.

ఒక్కో లాగిన్‌కు ఏ బటన్లు కనిపించాలో సువార్తక్క పక్కన కూర్చుని చెప్పింది. నరేశ్ లాగిన్‌లో వెరిఫై బటన్ తీసేశాను.

"బతికిచ్చినవ్ కిరణ్ భాయ్," అన్నాడు. "అది కనపడకుంటెనే నాకు నిమ్మలం."

"నీకు బ్రేక్ ఒక్కటే ఉండాలె, గేర్లు వద్దు," అంది సువార్తక్క. అప్పుడు నవ్వాడు.

అందరూ వెళ్లాక ఆమెను అడిగాను. "కాగితం ఎందుకు తీసేశారక్కా? అది చూపిస్తే పొద్దున్నే తేలిపోయేది కదా."

"నువ్వొస్తున్నవని తెల్సి తీసిన. దాని మీద నీ పేరు, నీ నంబరు ఉండె. సార్ కోపంల ఉండు. నీ గిరాకి పోతదనుకున్న."

"మరి మీ ఉద్యోగం?"

"నా మీద ఎట్లాగు పడ్డది. ఇంకొకల మీద గూడ ఎందుకు?" సంచి భుజానికి తగిలించుకుంది. "నువ్వు చెప్పకుంటె మాత్రం అయిదుకు తీసి చూపిద్దామనుకున్న. నేనేమంత పుణ్యాత్మురాలిని కాదు తమ్మీ."

డాక్టర్ గారు మరుసటి రోజు తనే సైదాబాద్ వెళ్లి ఆ పెద్దాయన కుటుంబాన్ని కలిశారు. కొత్త ఉత్తరంలో తప్పు ల్యాబ్ పద్ధతిదని రాశారు. ఎవరి పేరూ లేదు. ఆ కొడుకు కోపం పూర్తిగా తగ్గలేదని విన్నాను. తగ్గాల్సిన పని కూడా లేదు. వాళ్ల నాన్న ఒక రోజంతా దవాఖాన మంచం మీద భయంతో గడిపాడు. నన్ను మాత్రం డాక్టర్ గారు మాన్పించలేదు. "రండి, పని చేయండి. గోడకు ఏదైనా అంటించే ముందు నాకు చూపించండి," అన్నారు.

నా పట్టికలో 'మార్పు చదివానా?' అన్న గడి ఇప్పుడు లేదు. దాని బదులు రెండు గడులున్నాయి: 'ఎవరికి ఏం మారుతుంది?', 'వెళ్లి చూశానా?' లైసెన్సు షరతు మారినప్పుడల్లా ఆ ఆఫీసుకు వెళ్లి ఒక గంట ఊరికే కూర్చుంటాను. ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటున్నారు, ఎవరి పేరుతో తెరుస్తున్నారు, ఎవరు ఎవరికి ఫోన్ చేసి అంకెలు అడుగుతున్నారు, ఇవే చూస్తాను. కంపెనీ 'యూజర్' అన్న మాటకు అర్థం మారిస్తే, ఆ మార్పు ఎక్కడో ఒక మనిషి పేరు మీద పడుతుంది. మెయిల్‌లో ఆ మనిషి కనిపించడు. ఇలా వెళ్లి చూడటం మొదలుపెట్టాక పని పెరిగింది, మనశ్శాంతి మాత్రం పెరగలేదు. ఇది రాస్తుండగా మూడు మెయిళ్లు వచ్చాయి. వాటిలో ఒకదాని విషయం: 'మా షరతుల్లో చిన్న మార్పులు'.

ల్యాబ్ సంగతి తేలిన ఆ వారాంతంలో, ఎవరూ అడగకపోయినా, సువార్తక్క ఫోనులోని ఓటీపీలన్నీ పట్టికలోకి ఎక్కించాను. పద్నాలుగు నెలలవి. మొత్తం 2,316. ఆమె డ్యూటీలో ఉండగా వచ్చినవి 804. ఇంట్లో, బస్సులో, చర్చి వరండాలో ఉండగా వచ్చినవి 1,512.